సెక్రటరీగారికి గొంతు లేని రోజులు

జులై 6, ఆదివారం

ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేరు కాబట్టి ఇందులో రాసుకుంటున్నాను. లేరని కాదు, ఉన్నారు. హాల్లో కుర్చీలో కూర్చుని నావంకే చూస్తున్నారు. మాట్లాడకూడదు, అంతే.

మా ఆయన గొంతులో చిన్న కాయలాంటిది ఉందని మొన్న శుక్రవారం తీసేశారు. తను మళ్ళీ చూసి సరేననేదాకా నోరు విప్పకూడదని డాక్టరమ్మ ఆర్డరు. గుసగుస కూడా పనికిరాదట, అది అరుపుకన్నా అన్యాయమట. "ఇన్నేళ్ళుగా డ్రైవింగ్ స్కూల్లో బ్రేకు, బ్రేకు అని అరిస్తే ఏ గొంతయినా ఇంతే" అంది. ఆదివారాలు రగ్బీ గ్రౌండుల్లో అరిచే అరుపుల సంగతి నేను ఆవిడకి చెప్పలేదు. ఆయన జిల్లా రగ్బీ సంఘం సెక్రటరీ అని తెలిస్తే ఇంకో నెల పొడిగించేది.

తీసిన ముక్కని పరీక్షకి పంపారు. రిపోర్టు రాగానే ఫోన్ చేస్తామన్నారు.

అత్తయ్య మాత్రం మహా హుషారుగా ఉంది. కొడుకు ఎదురు చెప్పలేడని తెలిసిన దగ్గర్నుంచి, ఆయన బడికెళ్ళే రోజుల్నుంచి కడుపులో దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే బయటికి తీస్తోంది. ఆయన పాపం పలకా బలపం పట్టుకుని జవాబు రాసి చూపించబోతే, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనబడటం లేదంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది.

జులై 7, సోమవారం

ఫోను మోగుతూనే ఉంది. జిల్లాలో ఎనిమిది క్లబ్బులు. ఎవరు ఎవరితో ఎక్కడ ఆడాలి, గ్రౌండు ఎవరు అడగాలి, సున్నం గీతలు ఎవరు గియ్యాలి, దెబ్బలు తగిలితే కట్టు ఎవరు కట్టాలి, అన్నీ ఈయన ఫోను మీదే నడుస్తాయి. ఫోను మోగినప్పుడల్లా దాన్ని చేతిలోకి తీసుకుని, ఆకలేసినవాడు హోటలు అద్దంలోంచి చూసినట్టు చూస్తారు. చూడలేక నేనే ఎత్తాను.

"మేడమ్, మీ గొంతు ఎక్కడో విన్నట్టుందే" అన్నాడు అవతలాయన.

వినే ఉంటాడు. బస్టాండు ఎంక్వయిరీ కౌంటర్లో మైకు నాదే. ఈ ఊళ్ళో బస్సెక్కిన ప్రతివాడూ నా మాట విన్నవాడే. మా ఇంట్లోవాళ్ళు తప్ప.

ఆయన గొంతు వచ్చేదాకా ఫోన్లు నేను చూస్తానన్నాను. గొంతు వచ్చేదాకానే.

జులై 9, బుధవారం

ఇన్నేళ్ళుగా ఈ ఆట గురించి నాకు తెలిసిందల్లా రెండు ముక్కలు: బంతి గుండ్రంగా ఉండదు, బట్టలకి మట్టి వదలదు. ఇవాళ పలక మీద పాఠం మొదలైంది. బంతిని ముందుకి విసరకూడదట. వెనకున్నవాడికే విసరాలట. కానీ అందరూ ముందుకే పోవాలట. మా ఆఫీసు కూడా అలాగే నడుస్తుంది కాబట్టి తొందరగానే అర్థమైంది.

గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే దాన్ని ట్రై అంటారట. ప్రయత్నం అన్నమాట. ఒళ్ళు హూనం చేసుకుని అంత సాధించాక కూడా దాన్ని ప్రయత్నమనే అంటారు. ఈ ఆట కనిపెట్టినవాళ్ళు మర్యాదస్తులు.

జులై 10

ఇవాళ ఫోన్ రాలేదు. క్లబ్బుల ఫోన్లు కావు, అవి తెగ వచ్చాయి.

జులై 13, ఆదివారం

డ్యూటీ మార్చుకుని ఆయనతో గ్రౌండుకి వెళ్ళాను. లీగులో ఆఖరి మ్యాచ్. బస్ డిపో మెకానిక్కుల జట్టుకీ పాల డెయిరీ జట్టుకీ. రెండూ ముందే ఫైనలుకి చేరాయి కాబట్టి ఊరికే పేరుకి ఆట అనుకున్నాను. నాకేం తెలుసు.

జోరున వాన. ఈ జట్టేదో ఆ జట్టేదో తెలియని బురద. ఆఖరి నిమిషంలో డిపో కుర్రాళ్ళంతా కలిసి గీత మీద పడ్డారు. అడుగున బంతి ఉందో లేదో దేవుడికే తెలియాలి. రెఫరీ విజిలేసి ట్రై ఇచ్చేశాడు. రెఫరీ అంటే మా వీధి చివర సెలూన్ ఆయన. జిల్లాలో పరీక్ష పాసైన రెఫరీ ఆయనొక్కడే.

డెయిరీ కెప్టెన్, పాల వ్యాను నడిపే అతను, రెఫరీ మీదికి వెళ్ళిపోయాడు. డిపో కెప్టెన్ అడ్డం వచ్చాడు. ఇక తిట్లే తిట్లు. ప్రతి ఏడూ ఇలాంటిది ఒకటి అవుతుందట. ఈయన మధ్యలోకి వెళ్ళి అందరికన్నా గట్టిగా ఒక్క అరుపు అరిస్తే సద్దుమణుగుతుందట. ఇవాళ రెండు చేతులతో నోరు మూసుకుని గీత పక్కన నిలబడ్డారు. కళ్ళల్లో నీళ్ళు. వాన నీళ్ళే అయ్యుంటాయి.

జులై 14, సోమవారం

పొద్దున్నే డెయిరీ కెప్టెన్ ఫోను.

"వదినా, అన్నకివ్వు."

"మాట్లాడకూడదుగా."

"వింటాడుగా. స్పీకర్ పెట్టు."

పెట్టాను. ఆ రెఫరీ ఉంటే ఫైనల్ ఆడమన్నాడు. ఆడకపోవడమే కాదు, ఇంకో మూడు క్లబ్బుల్ని తీసుకుని బయటికిపోయి వేరే సంఘం పెట్టుకుంటామన్నాడు.

ఆయన పలక మీద బరబరా రాసి నా మొహానికి ఆనించారు. 'గాడిదకి బుద్ధుందా అని అడుగు.'

"మీ బాధ అర్థమైందంటున్నారు" అన్నాను.

ఆయన నావంక చూశారు. తుడిచి మళ్ళీ రాశారు. 'పొమ్మను. పీడా పోతుంది.'

"తొందరపడొద్దు, వారం ఆగమంటున్నారు."

"అన్న మారిపోయాడు వదినా" అని పెట్టేశాడు.

ఆయన సాయంత్రందాకా నా మొహం చూడలేదు. పలక మీద ఏమీ రాయలేదు కూడా. మాట్లాడలేని మనిషి అలిగితే కనిపెట్టడం కష్టం. అత్తయ్య కనిపెట్టింది. "వీడు చిన్నప్పుడూ ఇంతే, అలిగితే గోడవైపు తిరిగి తినేవాడు" అంది. చూస్తే నిజంగానే గోడవైపు తిరిగి తింటున్నారు.

జులై 15, మంగళవారం

డిపో కెప్టెన్ కౌంటర్ దగ్గరికే వచ్చాడు, చేతులకి గ్రీజుతో. అతనితో నాకు ఎప్పట్నుంచో పరిచయం, ఏ బస్సు ఎందుకు ఆలస్యమో చెప్పేది అతనే.

"మేడమ్, రెఫరీని మారిస్తే మేం రాం. మారిస్తే మేం దొంగాట ఆడామని ఒప్పుకున్నట్టేగా."

రెఫరీ ఉంటే వాళ్ళు రారు. రెఫరీ లేకపోతే వీళ్ళు రారు. తల ప్రాణం తోకకొచ్చింది. ఈయన పన్నెండేళ్ళ క్రితం రెండు జట్లతో మొదలుపెట్టి, ఊరూరా తిరిగి, బతిమాలి, అరిచి, ఎనిమిది చేశారు. నా చేతికొచ్చిన రెండో వారంలో నాలుగయ్యేట్టున్నాయి.

జులై 16

ఫోన్ రాలేదు.

జులై 18, శుక్రవారం

డ్యూటీ దిగి సెలూన్‌కి వెళ్ళాను. ఆడవాళ్ళు రారు అక్కడికి, గడ్డానికి సబ్బు నురగతో ఉన్న ఆయన అద్దంలో నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. రెఫరీగారు ఆ గడ్డం ముగించేదాకా బల్ల మీద కూర్చున్నాను.

"బాబాయిగారూ, ఆ రోజు బంతి నేలకి తగిలిందా?"

ఆయన కత్తి తుడిచి పక్కన పెట్టాడు. "నన్ను ఈ మాట అడగడం నువ్వే మొదలు తల్లీ."

"అందరూ అదేగా అడుగుతున్నారు."

"ఎవరూ అడగలేదు. అరిచారు." కళ్ళజోడు తీసి చూపించాడు. "అద్దాల నిండా వాన. ఆ కుప్ప కింద ఏముందో నాకు కనపడలేదు. వాళ్ళ మోచేతులు చూసి తగిలిందనుకున్నా. తగిలిందని ఒట్టేసి చెప్పలేను."

"ఆ ముక్కే వాళ్ళకి చెబుతారా?"

"అడిగితే చెబుతా. అరిస్తే చెప్పను."

ఆయనకి అరవై దాటాయి. అయినా మొండితనం చూస్తే ముచ్చటేసింది. ఇంటికొచ్చి ఈయనకి చెప్పాను. ఈయన చాలాసేపు ఆలోచించి పలక మీద రాశారు: 'నేనూ అడగలేదు.' రాసి, నేను చదివానో లేదో, తుడిచేశారు.

జులై 21, సోమవారం

ఫైనల్ వచ్చే ఆదివారం, కొండ కింద గ్రౌండులో. ఊరికి దూరం కాబట్టి రెండు జట్లకీ రెండు బస్సులు మాట్లాడమని ఈయన రాసిచ్చారు. పొరపాటున ఒక్కటే బుక్ చేశాను. రోజుకి ఎన్ని బస్సుల గురించి మాట్లాడతాను, ఒక్క బస్సు తప్పిపోవడం పెద్ద విశేషం కాదు. రెండు జట్లకీ ఫోన్ చేసి, ఊరికే మాటవరసకి, "బస్సు ఉంది, వచ్చి చూడండి, ఇష్టం లేకపోతే ఆడకండి" అని చెప్పాను. ఏ బస్సో వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

పొరపాటే.

జులై 23, బుధవారం

ఆసుపత్రికి నేనే ఫోన్ చేశాను. ఆలస్యమేమీ కాదట. ముక్కని ఇంకో పెద్ద ల్యాబుకి పంపారట, ఇంకోసారి చూస్తారట. ఇంకోసారి ఎందుకు చూడాలో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతికాను. ఈయన వచ్చి పక్కన నిలబడి రెండో కొస పట్టుకుని పిండారు. పలక తెచ్చుకోలేదు.

మాట్లాడితే విసుక్కునేదాన్ని ఇదివరకు. టీవీ పెట్టుకుంటే దానికన్నా గట్టిగా మాట్లాడే మనిషి.

జులై 27, ఆదివారం

వివరంగా రాయాలి. మోకాళ్ళదాకా బురద ఇంకా ఆరలేదు, అయినా ముందు ఇది రాయాలి.

పొద్దున ప్లాట్‌ఫారం మీద డెయిరీ జట్టు ఒక చివర, డిపో జట్టు ఒక చివర. మధ్యలో విజిల్ మెళ్ళో వేసుకుని సెలూన్ బాబాయిగారు ఒక్కడే, పెళ్ళిలో ఎవరి తరఫో తెలియని చుట్టంలా.

"వదినా, మా బస్సేది?" అన్నాడు డెయిరీ కెప్టెన్.

"ఇదే."

"మరి వాళ్ళది?"

"ఇదే."

అందరూ నావంక చూశారు. ఈయన అందరికన్నా ఎక్కువ చూశారు. అయినా నా డ్యూటీ గొంతు తీశాను. "కొండ కింద గ్రౌండుకు వెళ్ళు బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. ప్రయాణికులు త్వరగా ఎక్కవలసినదిగా కోరుచున్నాము." మైకు లేదు. ఉన్నా లేకపోయినా ఆ గొంతు వింటే ఈ ఊరి కాళ్ళు వాటంతటవే కదులుతాయి. ఎక్కేశాక గానీ ఎందుకెక్కారో వాళ్ళకి గుర్తు రాలేదు.

ఎడమ సీట్లన్నీ డెయిరీ, కుడి సీట్లన్నీ డిపో. దారి పొడుగునా ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. ఈయనకి డాక్టరమ్మ చెప్పిన పథ్యం బస్సు బస్సంతా చేసింది.

గ్రౌండు అల్లంత దూరంలో కనపడుతుండగా మట్టిరోడ్డులో వెనక చక్రాలు దిగబడ్డాయి. ఇది మాత్రం నేను బుక్ చెయ్యలేదు.

డిపో కెప్టెన్ దిగి వంగి చూశాడు. "బండిది తప్పు లేదు, నేలదే." వాళ్ళ కుర్రాళ్ళు దిగి తోశారు. చక్రాలు గిర్రున తిరిగి వాళ్ళ మొహాలకి బురద పూశాయి, బస్సు కదల్లేదు. ఎడమవైపు కిటికీల్లోంచి నవ్వులు. డెయిరీ కెప్టెన్ తల బయటపెట్టాడు.

"అలా ఎవడికివాడు తోస్తే తోపుడుబండి కూడా కదలదు."

"అయితే దిగి నేర్పు."

దిగాడు. వాడు దిగాక వాడి జట్టు దిగింది. అయినా వీళ్ళొక చక్రం దగ్గర, వాళ్ళొక చక్రం దగ్గర. ఒకరు తోసినప్పుడు ఇంకొకరు ఊపిరి పీల్చుకుంటున్నారు. అప్పుడు బాబాయిగారు మెల్లిగా మెట్లు దిగి, ప్యాంటు మడిచి, వెనక్కి వెళ్ళి ఒక విజిలేశాడు.

"స్క్రమ్ కట్టండి. రెండు జట్లు కాదు, ఒకటే. ముందు వరసలో లావాటివాళ్ళు. భుజం మీద చెయ్యి. ఎవరి భుజమని చూడకండి, భుజం అయితే చాలు."

కట్టారు. ఆటలో ఎదురెదురుగా తలలు ఆనించి ఒకరినొకరు తోసుకునే మనుషులు, ఇప్పుడు బస్సు వీపుకి తలలు ఆనించి ఒకే వైపు నిలబడ్డారు.

"వంగండి. పట్టుకోండి. తొయ్యండి."

బస్సు ఒక్కసారి ఎగిరి గట్టుకెక్కింది. తోసినవాళ్ళంతా, ముందు బస్సు లేకపోయేసరికి, ఒకరి మీద ఒకరు బురదలో బోర్లా పడ్డారు. లేచాక ఎవరు డెయిరీయో ఎవరు డిపోయో కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. ఒకడు వేరే జట్టువాడి బూటు తన కాలికి తొడుక్కుంటున్నాడు.

నేను ఈయనవంక చూశాను. ఎక్కడ నోరు జారి అరిచేస్తారో అని నా భయం. నవ్వుతున్నారు. శబ్దం లేకుండా, భుజాలు ఊగిపోతూ, రోడ్డు పక్క రాయి మీద కూలబడి పొట్ట పట్టుకుని. శబ్దం లేని నవ్వు అంత బాగుంటుందని నాకు తెలియదు.

ఆ బురద మొహంతోనే డెయిరీ కెప్టెన్ బాబాయిగారి దగ్గరికి వచ్చాడు.

"పెద్దాయనా, నిజం చెప్పు. ఆ రోజు బంతి నేలకి తగిలిందా?"

"చూడలేదు. అద్దాల మీద వాన. తగిలిందనుకుని ఇచ్చా."

"అంతేనా?"

"అంతే."

"ఆ మాట ఆ రోజే చెప్పొచ్చుగా."

"ఆ రోజు నువ్వు మా నాన్న గురించి అడిగావు. బంతి గురించి అడగలేదు."

డెయిరీ కెప్టెన్ తల గోక్కున్నాడు. చేతి బురద తలకంటింది. డిపో కెప్టెన్ వెనక నుంచి నెమ్మదిగా అన్నాడు, "మాకూ తెలీదురా. నేను అందరికన్నా అడుగున ఉన్నా, మావాడి మోకాలు నా చెవిలో ఉంది." అంతే, ఎవరు ముందు మొదలుపెట్టారో గానీ అందరూ నవ్వారు.

మ్యాచ్ జరిగింది. మ్యాచ్ అంటే ఏమిటో ఇవాళ చూశాను. డిపోవాళ్ళు మూడు పాయింట్లు ముందున్నారు, ఒక్క ట్రై పడితే తారుమారు. ఆఖర్న డెయిరీవాళ్ళు గీత దాకా వచ్చి కుప్పలా పడ్డారు, అడుగున వాళ్ళ కెప్టెన్ బంతితో. బాబాయిగారు కళ్ళజోడు చొక్కాకి తుడుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకి ఆనించి ఆ కుప్ప కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి చెయ్యి అడ్డంగా ఊపాడు. తగల్లేదు.

అందరూ డెయిరీ కెప్టెన్ ఏమంటాడా అని చూస్తున్నారు. కుప్ప అడుగు నుంచి అతని గొంతు వచ్చింది.

"తగల్లేదు. నిజమే. ముందు వీళ్ళని నా మీద నుంచి లేపండి."

డిపో గెలిచింది. తిరిగి వచ్చేప్పుడు ఎవరు ఎక్కడ కూర్చున్నారో నేను చూడలేదు, చూసే తెరిపి లేదు, అంత గోల. ఆ గోలలో ఈయన పలక మీద రాసి నాకు మాత్రమే కనబడేట్టు పట్టుకున్నారు. 'ఒకటే బస్సు పొరపాటా?'

అవునన్నాను.

జులై 29, మంగళవారం

మధ్యాహ్నం. మూడో నంబరు ప్లాట్‌ఫారం బస్సు గురించి మైకులో చెబుతున్నాను. ఫోన్ మోగింది. ఆసుపత్రి నంబరు. మైకు ఆపి ఎత్తాలి. ఎత్తాను.

డాక్టరమ్మే. ఆవిడ చెప్పింది నేను పైకి అన్నాను. అలవాటు.

"క్యాన్సర్ కాదు. క్యాన్సర్ కాదు. ఉత్త కాయే."

మా పనిలో ఏదైనా రెండుసార్లు చెప్పాలి. అందుకని రెండుసార్లు చెప్పాను. అప్పుడు బయట ఏదో తేడాగా అనిపించి తలెత్తి చూశాను. బస్టాండు బస్టాండంతా కదలకుండా నిలబడి స్పీకర్లవంక చూస్తోంది. మైకు ఆపలేదు.

ఆ మాట నేను ఈ పుస్తకంలో రాయలేదు. ఈయనతో అనలేదు. ఈయనా పలక మీద రాయలేదు. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరి నోటా రాని మాట, మొదటిసారి బయటికొచ్చింది అన్ని ప్లాట్‌ఫారాలకీ కలిపి.

ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరి గురించో తెలియకుండానే ఇంకొందరు కొట్టారు. మూటల మీద కూర్చున్న ఒక పెద్దావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. కండక్టర్ ఒకాయన కౌంటర్ దగ్గరికి వచ్చి, "చాలా సంతోషం మేడమ్. మరి మా బస్సు పంపించమంటారా?" అన్నాడు. పంపించాను. ఏ ఊరి బస్సని చెప్పానో నాకు గుర్తు లేదు.

ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్య ఎత్తింది.

"అత్తయ్యా, రిపోర్టు..."

"తెలుసు. కూరలబ్బాయి చెప్పాడు. బస్టాండులో విన్నాట్ట." తర్వాత గొంతు సర్దుకుంది. "నాకు చెప్పకపోతే నాకు తెలియదనుకున్నారా మీరిద్దరూ? వాడిని అన్ని మాటలు ఎందుకన్నాననుకున్నావు. ఊరుకుంటే ఏడుపొచ్చేది."

"ఆయనకివ్వండి."

"ఇచ్చి ఏం లాభం, మాట్లాడడుగా. అయినా ఇంట్లో లేడు. చెప్పుల్లేకుండా వెళ్ళిపోయాడు."

కాసేపటికి ఎంక్వయిరీ వరసలో కనిపించారు. అందరికన్నా వెనక. తోసుకుని ముందుకి రాలేదు, వరసలోనే వచ్చారు. ఒకాయన టైము అడిగాడు, ఒకావిడ మరుగుదొడ్డి ఎటన్నది. ఈయన వంతు వచ్చింది. అద్దానికి పలక ఆనించారు.

'మా ఇంటికి వెళ్ళే బస్సు ఎప్పుడు?'

ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి జవాబు చెప్పలేకపోయాను. ఇద్దరం అద్దానికి అటూ ఇటూ నిలబడిపోయాం. వెనకాయన, "బాబూ, కొంచెం తొందరగా" అన్నాడు.

ఆగస్టు 3, ఆదివారం

శుక్రవారం డాక్టరమ్మ గొంతులోకి లైటు వేసి చూసి, "మీ పేరు చెప్పండి" అంది. చెప్పారు. సన్నగా, అంచుల్లో గరుకుగా, వేరే ఎవరి గొంతులానో ఉంది. కొన్నాళ్ళు కొద్దికొద్దిగా మాట్లాడాలట. అరవడం మాత్రం ఇక జన్మలో వద్దంది. ఈయన మొహం మాడిపోయింది. నాకు ఆ గొంతు నచ్చింది. చెప్పలేదింకా.

ఇవాళ డెయిరీ షెడ్డులో సంఘం మీటింగు. ఎనిమిది క్లబ్బులూ వచ్చాయి. మామూలుగా ఆ మీటింగు సంత కన్నా గోలగా ఉంటుందట. ఈయన లేచి మాట్లాడటం మొదలుపెట్టారు. మొదటి వరసకే వినపడటం లేదు. ఆ మాట వినాలంటే అందరూ నోరు మూసుకోవాలి. ఒక్కొక్కరే మూసుకున్నారు. పాల క్యాన్ల మీద ఈగ వాలితే వినపడేట్టుంది.

"నేను చెప్పానని మీకు మా ఆవిడ చెప్పినవేవీ నేను చెప్పినవి కావు" అన్నారు. "నేను పలక మీద రాసింది ఒకటి, తను చదివింది ఒకటి. నేను రాసిందే చదివుంటే ఇవాళ ఇక్కడ నాలుగు క్లబ్బులే ఉండేవి. అందుకని తననే సెక్రటరీగా ఉండమని అడుగుతున్నా. నేను రెఫరీ పరీక్షకి చదువుతా. విజిలుంటుంది కదా, గొంతు అక్కర్లేదు."

"మరి అప్పుడు ఏం రాశావన్నా?" అన్నాడు డెయిరీ కెప్టెన్.

ఈయన నావంక చూసి, "గాడిదలని" అన్నారు.

"అది మాకు అప్పుడే తెలుసు. స్పీకర్లో బలపం చప్పుడు వినపడేది. మంచి మాట ఎవడైనా అంత గట్టిగా రాస్తాడా?"

సెలూన్ బాబాయిగారితో సహా అందరూ చేతులెత్తారు. నన్నెవరూ అడగలేదు. నేను ఒప్పుకోలేదు, ఆలోచించుకుని చెబుతానన్నాను.

ఆ కొండ కింద రోడ్డు బాగయ్యేదాకా అక్కడ మ్యాచులు పెట్టకూడదు. డిపోవాళ్ళకి పొద్దున షిఫ్టులుంటాయి కాబట్టి వాళ్ళ ఆటలు సాయంత్రాలకి మార్చాలి. బాబాయిగారికి వాన నీళ్ళు నిలవని అద్దాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోవాలి. టీచర్ల కాలేజీ అమ్మాయిలు తమకీ ఒక జట్టు కావాలంటున్నారు, వాళ్ళని రేపు కౌంటర్ దగ్గరికి రమ్మన్నాను. ఇంకా ఒప్పుకోలేదు.

హాల్లోంచి ఈయన నన్ను పిలుస్తున్నారు. సన్నగా వినపడింది. వినపడనట్టు ఊరుకున్నాను, ఇంకోసారి పిలుస్తారని.